చక్రం మారితే కారు మాట వింటుందా?

జాతీయ రహదారి ఒరుసుకుని పోయే ఏ పట్టణంలోనైనా టైర్ల దుకాణం ముందు ఇప్పుడు ఒక దృశ్యం మామూలైపోయింది. గోడకు వరుసగా తగిలించిన అల్లాయ్ చక్రాలు ఎండలో తళతళలాడుతుంటాయి. కొన్ని వెండి రంగువి, కొన్ని నల్లనివి, కొన్నింటికి అంచున ఎర్ర గీత. కొత్తగా కారు కొన్న కుర్రవాడు వాటి ముందు నిలబడి "అన్నా, మన బండికి పదిహేడు పడుతుందా?" అని అడుగుతాడు. "పడుతుంది తమ్ముడూ, లోపల రాసుకుంటే అప్పుడు చూద్దాం" అని దుకాణదారు భరోసా ఇస్తాడు. అరగంటలో బేరం తెమిలిపోతుంది. కారుతోపాటు కంపెనీ ఇచ్చిన చక్రాలు ఇంటి వెనక పాకలోకి చేరతాయి.

ఆ పదిహేడు అంటే చక్రం అడ్డుకొలత, అంగుళాల్లో. చాలా చిన్న కార్లకు కంపెనీ ఇచ్చేవి 13, 14, 15 అంగుళాల చక్రాలు. వాటి స్థానంలో పెద్దవి, వెడల్పువి వేస్తే కారు స్పోర్ట్స్ కారులా కనిపిస్తుందనీ, మలుపుల్లో రోడ్డును అంటిపెట్టుకుని పోతుందనీ నమ్మకం. ఇందులో మొదటి సగం నిజం. రెండో సగం మాత్రం చక్రాన్ని బట్టి ఉంటుంది. ఎక్కువసార్లు నిజం కాదు.

పట్టడం వేరు, పనికిరావడం వేరు. ఎద్దుల బండి తోలిన పెద్దలకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. కర్ర చక్రాల బండి పోయి టైరు బండి వచ్చినప్పుడు ఎడ్లకు లాగుడు తేలికయింది. కానీ పల్లం వచ్చేసరికి అదే బండి ఎడ్ల మీదికి తోసుకురావడం మొదలెట్టింది. చక్రం మారగానే బండి తోలే పద్ధతీ మారక తప్పలేదు. అలాగే దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు కేజ్‌వీల్స్ వేస్తారు, తారు రోడ్డు ఎక్కేముందు తీసేస్తారు. ఏ నేలకు ఏ చక్రమో రైతుకు తెలుసు. అదే రైతు ఇంట్లో కారు కొనేసరికి ఈ తెలివి పక్కకు తప్పుకుంటోంది. అక్కడ చక్రం అలంకారంగా మారిపోయింది.

ఈ మోజు పుట్టింది స్పోర్ట్స్ కార్లను చూసి కనుక, అసలు ఆ కార్లు తయారుచేసేవారు చక్రం గురించి ఏమనుకున్నారో తెలుసుకోవడం సబబు. స్పోర్ట్స్ కారంటే నేలకు దగ్గరగా, సాధారణంగా ఇద్దరు కూర్చునేలా, మలుపుల్లో చురుగ్గా తిరిగేలా కట్టిన కారు. మన జిల్లా రోడ్ల మీద అలాంటివి కనిపించడం అరుదే. కానీ వాటి విషయంలో తేలిన నిజాలు పల్లెలో తిరిగే చిన్న కారుకూ అంతే వర్తిస్తాయి.

స్కూటరు చక్రమంత చక్రంతో

1959లో ఇంగ్లండులో మినీ అనే బుల్లి కారు వచ్చింది. రూపకర్త అలెక్ ఇస్సిగోనిస్. దాని చక్రం అడ్డుకొలత 10 అంగుళాలు. మనవాళ్ళు ఏళ్ళ తరబడి తోలిన బజాజ్ చేతక్ స్కూటరు చక్రం కూడా పదంగుళాలే. లోపల నలుగురు మనుషులకు చోటు మిగలాలంటే చక్రం చిన్నది కావాలని ఆయన పట్టుబట్టారు. అంత చిన్న చక్రానికి తగిన టైరును డన్‌లప్ కంపెనీ ప్రత్యేకంగా తయారుచేయవలసి వచ్చింది.

ఆ స్కూటరు చక్రాల కారు ఐరోపాలో పేరుమోసిన మాంటెకార్లో ర్యాలీని 1964, 1965, 1967 సంవత్సరాల్లో గెలుచుకుంది. 1966లోనూ ముందు వచ్చిందిగానీ హెడ్‌లైట్ల నిబంధన పేరిట అనర్హమని ప్రకటించారు. మంచు, కొండ దారులు, మెలికల మలుపులు. తనకంటే ఎన్నో రెట్లు బలమైన ఇంజన్లున్న కార్లను అది మలుపుల్లో వెనక్కి నెట్టింది. కారు తేలిక, చక్రాలూ తేలికే.

1960లలోనే పోటీల్లో తిరిగే మినీల కోసం మినీలైట్ అనే చక్రం తయారైంది. దానిని మెగ్నీషియం లోహంతో పోశారు. ఎనిమిది ఆకులు. ఇనుప చక్రం కంటే తేలిక, గట్టిదనంలో దానికి తీసిపోదు. ఆకుల మధ్య సందుల్లోంచి గాలి పోయి బ్రేకులు చల్లబడతాయి. ఈ మూడు పనుల కోసమే ఆ రూపం. తర్వాతి కాలంలో ఆ రూపం అందంగా ఉందని ప్రపంచమంతా అనుకరించింది. అనుకరణల్లో చాలా వాటికి ఆకులైతే ఎనిమిదే వచ్చాయి గానీ తేలికదనం రాలేదు. ఇవాళ దుకాణం గోడ మీద వేలాడే చాలా చక్రాల కథ కూడా అదే.

గుర్రమూ రౌతూ

ఈ విషయం స్పష్టంగా తెలియాలంటే జపాన్‌కు చెందిన మాజ్దా కంపెనీ కారు ఎమ్‌ఎక్స్-5ను చూడాలి. 1989లో ఇది జనం ముందుకు వచ్చింది. ఇద్దరు కూర్చునే, పైకప్పు తెరుచుకునే కారు. మొదటి నమూనా బరువు టన్నుకు లోపే. ఇంజను 1.6 లీటర్లది, గొప్ప బలమైనదేమీ కాదు. అయినా ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడుపోయిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా ఇది పేరు తెచ్చుకుంది. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. దాన్ని కట్టిన ఇంజనీర్లు పెట్టుకున్న ఆదర్శాన్ని జపాన్ భాషలో జింబా ఇత్తాయ్ అంటారు. గుర్రమూ, రౌతూ ఒకే ఒళ్ళు అని అర్థం. అలవాటైన ఎడ్లను పగ్గం లాగకుండా నోటి అదిలింపుతోనే మళ్ళించే బండివాడికి ఈ మాట చప్పున అర్థమవుతుంది.

అలాంటి కారుకు వాళ్ళు వేసిన చక్రం 14 అంగుళాలది. అల్లాయ్ చక్రమైతే సుమారు ఐదున్నర కిలోలు. టైరు మీద 185/60 ఆర్ 14 అని ఉంటుంది. ఈ అంకెలు చదవడం తెలిస్తే ఎవరి కారు టైరునైనా చదువుకోవచ్చు. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 60 అంటే టైరు పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి అరవై వంతులు, అంటే 111 మిల్లీమీటర్లు. చివరి 14 చక్రం అడ్డుకొలత.

బరువు విషయంలో ఈ కంపెనీ పట్టింపు ఎంతవరకు వెళ్ళిందంటే, మూడో తరం ఎమ్‌ఎక్స్-5 చక్రానికి ఐదు నట్లు ఉండేవి. 2015లో వచ్చిన నాలుగో తరంలో బరువు తగ్గించడానికి వాటిని నాలుగు చేశారు. చక్రానికి ఒక్కో నట్టు, ఆ బోల్టు బరువు కూడా లెక్కలోకి తీసుకున్నారన్నమాట. పాత ఎమ్‌ఎక్స్-5 కొన్నవాళ్ళలో చాలామంది చేసేదేమిటంటే, ఆ ఐదున్నర కిలోల చక్రం ఊడదీసి, 17 అంగుళాల బరువైన చక్రం వేయడం. చవకరకం పెద్ద చక్రాలు తొమ్మిది కిలోలు దాటుతాయి. నట్టు తగ్గించి మిగిల్చిన గ్రాముల పక్కన ఈ మూడున్నర కిలోలను పెట్టి చూడాలి. ఇది చక్రానికి లెక్క. నాలుగింటికీ కలిపి చూసుకుంటే 14 కిలోలు.

పద్నాలుగు కిలోలదేముంది, వెనక సీట్లో చిన్న పిల్లవాడు కూర్చుంటే అంత బరువు ఉంటాడు కదా అనిపించవచ్చు. కానీ సీట్లో కూర్చున్న బరువు, చక్రంలో తిరిగే బరువు ఒకటి కావు.

తిరగలి రాయి లెక్క

ఇంట్లో తిరగలి ఉన్నవారు గుర్తు చేసుకోవచ్చు. పై రాయిని మొదట కదిలించడం కష్టం. వేగం అందుకున్నాక ఆపడమూ అంతే కష్టం. రాయి వెడల్పయిన కొద్దీ ఈ కష్టం పెరుగుతుంది. బరువు అదే ఉన్నా సరే, అది నడిమి ఇరుసుకు ఎంత దూరంగా ఉంటే తిప్పడానికీ, ఆపడానికీ అంత శ్రమ. ఆ శ్రమ దూరంతోపాటు కాక, దూరం వర్గంతో పెరుగుతుంది. 14 అంగుళాల చక్రం అంచున ఉన్న కిలో లోహాన్ని 17 అంగుళాల చక్రం అంచుకు జరిపితే, ఆ కిలోను తిప్పే శ్రమ దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. పెద్ద చక్రంలో బరువు పెరగడమే కాదు, ఆ బరువు ఎక్కువగా అంచుకే చేరుతుంది. కారు నెమ్మదిగా అందుకుంటుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, బ్రేకు తొక్కినప్పుడు ఆ తిరగలిని ఆపవలసింది పాత చక్రానికి లెక్కగట్టి పెట్టిన పాత బ్రేకులే.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. అమెరికాలో కార్ అండ్ డ్రైవర్ పత్రిక 2010లో ఒకే ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ కారుకు 15 అంగుళాల నుంచి 19 అంగుళాల దాకా వరసగా చక్రాలు మార్చి నడిపి చూసింది. 15 నుంచి 19కి వెళ్ళేసరికి మైలేజీ నూటికి పది వంతుల మేర పడిపోయింది. అందుకునే వేగం నూటికి నాలుగు వంతుల మేర తగ్గింది. మలుపులో పట్టు కొంతవరకు పెరిగిన మాట వాస్తవం. కానీ ఒక కొలత దాటాక అదీ పెరగలేదు, కుదుపూ రొదా మాత్రం పెరిగాయి.

బరువుతో వచ్చే రెండో చిక్కు గుంతల్లో బయటపడుతుంది. కారు బరువులో ఎక్కువ భాగం స్ప్రింగుల మీద కూర్చుని ఉంటుంది. చక్రం, టైరు, బ్రేకు వంటివి స్ప్రింగుల కింద ఉంటాయి. రోడ్డు మీద గతుకు రాగానే చక్రం పైకి లేస్తుంది, స్ప్రింగు దాన్ని మళ్ళీ నేలకు నొక్కుతుంది. చక్రం తేలికైతే చప్పున దిగుతుంది. బరువైతే ఆ ఊపులో ఇంకాస్త పైకి ఎగిరి, ఆలస్యంగా దిగుతుంది. ఆ రెప్పపాటు కాలం టైరుకు నేల మీద పట్టు ఉండదు. పట్టు లేని టైరు బ్రేకు మాట వినదు, స్టీరింగు మాట వినదు. నున్నని పందేల బాటలో ఇది పెద్దగా తెలియకపోవచ్చు. గతుకు మీద గతుకు ఉండే మండల రోడ్డు మీద, అందులోనూ మలుపులో వస్తే, కారు నెమ్మదిగా బయటి అంచుకు జరిగిపోతుంది. తోలేవాడు అది టైరు తప్పనుకుంటాడు, లేదా రోడ్డు తప్పనుకుంటాడు.

అరచేయంత నేల

వెడల్పు టైరు వేస్తే నేలను తాకే రబ్బరు ఎక్కువవుతుందనేది అందరూ నమ్మే మాట. లెక్క వేసి చూస్తే అంత సులువు కాదు. తొలి ఎమ్‌ఎక్స్-5 బరువు 960 కిలోలనుకుంటే చక్రానికి 240 కిలోలు. కంపెనీ చెప్పిన గాలి 26 పౌండ్లు, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1.8 కిలోలు. భాగించి చూస్తే నేలను తాకే జాగా రమారమి 130 చదరపు సెంటీమీటర్లు. వేళ్ళు దగ్గరకు చేర్చి పెట్టిన పెద్దమనిషి అరచేయంత. గాలి అంతే ఉంచి టైరు వెడల్పు చేసినా ఆ జాగా పెద్దగా పెరగదు, దాని ఆకారం మారుతుంది. పొడుగు తగ్గి అడ్డం పెరుగుతుంది. పొడి రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు ఈ ఆకారం కొంత మేలు చేస్తుంది. వానలో నీళ్ళు నిలిచిన రోడ్డు మీద కీడు చేస్తుంది. సన్న టైరు నీటిని చీల్చుకుని నేలను అందుకుంటుంది. వెడల్పు టైరు కొంచెం వేగం పెరిగితే చాలు, నీటి మీద పడవలా తేలుతుంది.

పెద్ద చక్రంతో వచ్చే మరో మార్పు టైరు పక్క గోడది. బయటి చుట్టుకొలత దాదాపు అంతే ఉండాలి కనుక చక్రం పెద్దదైనకొద్దీ టైరు గోడ కురచ అవుతుంది. ఎమ్‌ఎక్స్-5కు 17 అంగుళాల చక్రం మీద 205/40 టైరు వేస్తే 111 మిల్లీమీటర్ల గోడ 82కు తగ్గుతుంది. కురచ గోడ తక్కువ వంగుతుంది కాబట్టి స్టీరింగు తిప్పగానే కారు వెంటనే తిరిగినట్టుంటుంది. దుకాణం నుంచి తొలిసారి బయటికి తీసినప్పుడు కలిగే ఉత్సాహం ఇదే. కాదనలేం, అది నిజమైన మార్పే. కానీ ఆ గోడ కూడా ఒక స్ప్రింగే. దాని వంపును కూడా లెక్కలో పెట్టుకునే ఇంజనీర్లు కింద స్ప్రింగులు కుదిర్చారు. అది పోయాక ప్రతి గతుకూ నేరుగా నడుముకు అందుతుంది. అంతకంటే ముఖ్యం, పొడుగు గోడ టైరు జారబోయే ముందు కొంచెం వొరుగుతుంది, కొంచెం కీచుమంటుంది, చేతికి సంగతి చెబుతుంది. కురచ గోడ టైరు ఎక్కువసేపు పట్టుకుని, వదిలినప్పుడు ఒక్కసారిగా వదులుతుంది.

2012లో టయోటా జీటీ86 అనే స్పోర్ట్స్ కారు తెచ్చినప్పుడు ఈ చర్చ గట్టిగా సాగింది. రెండు వందల గుర్రాల ఇంజను పెట్టి, దానికి 215 మిల్లీమీటర్ల టైర్లే వేశారు. అదీ ఎటువంటివి? పెట్రోలు ఆదాకు పేరుపడ్డ ప్రియస్ కారుకు కూడా వాడిన రకానివి. పత్రికలవారు ముక్కున వేలేసుకున్నారు. కంపెనీ మాత్రం కావాలనే చేశామన్నది. పట్టు మితంగా ఉంటే కారు తక్కువ వేగంలోనే జారడం మొదలెడుతుంది, తోలేవాడికి అది ముందే తెలుస్తుంది, సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది. కొన్నవాళ్ళలో కొందరు మొదటి నెలలోనే వెడల్పు టైర్లు వేయించుకున్నారు, అది వేరే సంగతి. పట్టు పెరిగింది, కారు చలాకీతనం తగ్గింది.

అలాగని చక్రం మార్చడమే తప్పని కాదు. మాజ్దా కంపెనీవారే 1998లో వచ్చిన రెండో తరం ఎమ్‌ఎక్స్-5లో కొన్ని రకాలకు 15 అంగుళాల చక్రం, 195/50 టైరు ఇచ్చారు. లెక్క చూస్తే పాత టైరు బయటి అడ్డుకొలత 577 మిల్లీమీటర్ల పైచిలుకు, కొత్తది 576. చక్రం అంగుళం పెరిగినా కారుకు తేడా తెలియనివ్వలేదు. ఈ కారును పందేల బాటల మీద తిప్పే అనుభవజ్ఞులు కూడా చాలామంది 17 జోలికి పోరు. సుమారు ఆరు కిలోల బరువుండే 15 అంగుళాల చక్రం దగ్గరే ఆగిపోతారు. చూపుకు ఆనేది కాదు, డబ్బూ ఎక్కువే.

కంటికి కనబడని కొలత

అడ్డుకొలత, వెడల్పు కంటికి కనబడతాయి. కనబడనిది ఆఫ్‌సెట్. చక్రాన్ని కారుకు ఆనించి బిగించే ముఖం, చక్రం వెడల్పు నడిమధ్య నుంచి ఎంత పక్కకు ఉందో చెప్పే కొలత అది. చక్రం లోపలివైపు ఈటీ అనే అక్షరాల పక్కన అంకె పోసి ఉంటుంది. తొలి ఎమ్‌ఎక్స్-5కు అది 45 మిల్లీమీటర్లు. దానికి 20 మిల్లీమీటర్ల ఆఫ్‌సెట్ ఉన్న చక్రం బిగిస్తే ప్రతి చక్రమూ 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం, బయటికి జరుగుతుంది. ఉన్న చక్రానికే స్పేసరు అనే బిళ్ళ వేసి బయటికి తోసినా ఇదే ఫలితం. మడ్‌గార్డు అంచుదాకా చక్రం వచ్చి కారు ఛాతీ విరుచుకుని నిలబడ్డట్టు ఉంటుంది. కుర్రవాళ్ళు కోరేది ఇదే.

అడుగు వెడల్పయితే మలుపులో నిలకడ కొంత పెరిగే మాట నిజమే. దానికి చెల్లించే ధర వేరు. తలుపును బందు దగ్గర తోస్తే కదలదు, అంచున వేలితో తోసినా తిరుగుతుంది. ముందు చక్రం కుడి ఎడమలకు తిరిగేది కూడా ఒక బందు మీదనే. ఆ బందు రేఖ నేలను తాకే చోటికి, టైరు నడిమి నేలను తాకే చోటికి మధ్య దూరాన్ని కంపెనీ మిల్లీమీటర్ల లెక్కన కుదురుస్తుంది. చక్రం అంగుళం బయటికి జరిగితే ఆ దూరం పెరుగుతుంది. తలుపు అంచున తోసినట్టు ప్రతి గుంతా చక్రాన్ని తిప్పేస్తుంది. ఎదురుగా లారీ వస్తే ఎడమ టైరు తారు దిగి మట్టి అంచున పడుతుంది, అదే క్షణంలో బ్రేకు తొక్కుతాడు, స్టీరింగు చేతిలోంచి లాక్కుంటుంది. సింగిల్ రోడ్లున్న పల్లెల్లో రోజూ ఎదురయ్యే సందర్భమిది.

బేరింగు సంగతి చెప్పనక్కరలేదు. చక్రం ఇరుసు మీద బయటికి జరిగి తిరిగితే ఇరుసు ఎలా అరుగుతుందో బండి కట్టిన ప్రతి ఇంటా తెలుసు.

నాలుగు బోల్టుల దగ్గర

బోల్టుల అమరిక మరొక చోటు. నాలుగు బోల్టులూ ఒక గుండ్రటి గీత మీద ఉంటాయి. ఆ గీత అడ్డుకొలత తొలి ఎమ్‌ఎక్స్-5కు 100 మిల్లీమీటర్లు. చాలా ఫియట్ కార్లకు 98. తేడా రెండు మిల్లీమీటర్లు. కంటికి తెలియదు, పానాతో బిగిస్తే పట్టినట్టే ఉంటుంది. కానీ నట్లు వంకరగా కూర్చుంటాయి, చక్రం అడ్డంగా ఊగుతుంది, కొంతకాలానికి బోల్టు అలసిపోయి తెగుతుంది.

నడిమి రంధ్రం కూడా అంతే. కంపెనీ చక్రం కారు హబ్బు మీద ఉంగరంలా అతికినట్టు కూర్చుంటుంది. బయట అమ్మే చక్రాలు అన్ని కార్లకూ పట్టాలని రంధ్రం పెద్దదిగా చేస్తారు. మధ్య ఖాళీని నింపడానికి ఒక ఉంగరం వేయాలి. అది వేయకపోతే చక్రం నడిమధ్యన కూర్చోక, ఎనభై దాటగానే స్టీరింగు వణుకుతుంది. అలైన్‌మెంటు చేయించినా, బాలెన్సింగు చేయించినా ఆ వణుకు పోదు. డబ్బు మాత్రం పోతుంది. నట్టు కింది భాగం కొన్నింటికి గరాటులా వాలుగా, కొన్నింటికి బంతిలా గుండ్రంగా ఉంటుంది. ఒకదాని చోట ఒకటి వాడితే ఎంత బిగించినా అది బిగువు కాదు.

పల్లె దారిలో

కురచ గోడ టైరు గుంతలో పడితే టైరు నలిగి పక్కన బుడిపె లేస్తుంది. పోత పోసిన అల్లాయ్ చక్రం ఇనుప చక్రంలా వంగి ఊరుకోదు, పగులుతుంది. సన్నటి పగులు లోపలివైపు ఉంటే బయటికి కనబడదు, గాలి రోజూ కొంచెం దిగుతుంటుంది. పగిలిన చక్రానికి వెల్డింగు పెట్టి, రంగు పూసి మళ్ళీ అమ్మేవారూ ఉన్నారు. పాత చక్రాలు కొనేటప్పుడు టైరు విప్పించి లోపలి అంచు చూడటం మరువరాదు.

అడ్డుకొలతలు కలవకపోతే మీటరు కూడా తప్పు చెబుతుంది. 175/65 ఆర్ 14 టైరు ఉన్న కారుకు 185/65 ఆర్ 15 వేస్తే చక్రం బయటి కొలత నూటికి ఆరున్నర వంతులు పెరుగుతుంది. మీటరు ముల్లు 80 మీద ఉన్నప్పుడు కారు 85 మీద పోతుంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడో, ఐదుగురు ఎక్కి గతుకులో పడినప్పుడో టైరు లోపల రాసుకుంటుంది. దుకాణం దగ్గర ఖాళీ కారుతో చూసుకుంటే ఇది తెలియదు.

చట్టం సంగతి కూడా ఉంది. కంపెనీ నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చెబుతోంది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇదే మాటను గట్టిగా చెప్పింది. ప్రమాదం జరిగిన తర్వాత బీమా వారితో వాదులాట కంటే, చక్రాలు మార్చే ముందే వారికి రాతపూర్వకంగా తెలియజేయడం నయం.

ఇంత చెప్పినా మార్చుకోవాలనుకునేవారికి దారి లేకపోలేదు. అదే మోడల్ కారులో ఎక్కువ ధర రకానికి కంపెనీ ఏ చక్రం, ఏ టైరు ఇస్తోందో డ్రైవరు వైపు తలుపు పక్కన అంటించిన కాగితంలోనో, కారు పుస్తకంలోనో ఉంటుంది. ఆ కొలత దాటనంతవరకు ఇంజనీర్ల లెక్కలోనే ఉన్నట్టు. దుకాణంలో చక్రం ఎంచేటప్పుడు ధర అడిగేముందు తూకం వేయమనాలి. కొట్టులో కాటా లేకపోతే పక్క కిరాణా కొట్లో ఉంటుంది. కొత్త చక్రం పాత దానికంటే బరువు తూగితే ఎంత మెరిసినా లాభం లేదు. లోపలివైపు ఈటీ అంకె, మోయగల బరువు, ఐఎస్ఐ గుర్తు చూసుకోవాలి. బిగించాక మొదటి వంద కిలోమీటర్ల లోపల నట్లు మరోసారి బిగువు చూపించుకోవాలి, కొత్త చక్రం కూర్చునేటప్పుడు అవి కొంచెం వదులుతాయి.

చివరిగా డిక్కీలో ఉన్న స్టెప్నీ. అది పాత కొలతదే ఉండిపోతుంది. నాలుగు కొత్త చక్రాలకు వేరే నట్లు ఇచ్చి ఉంటే అవి స్టెప్నీకి కుదరకపోవచ్చు. పాత నట్లను ఒక సంచీలో కట్టి జాకీ పక్కన పెట్టుకోవాలి. అర్ధరాత్రి రోడ్డు పక్కన పంక్చరయినప్పుడు అవి ఇంటి వెనక పాకలో ఉంటే ఉపయోగం లేదు.